ఎల్జీబీటీక్యూ శరణార్థుల కోసం స్త్రీవాద కామెడీ నైట్: నిర్వహించడం ఎలా

ఒక హాలు, ఒక మైకు, నలుగురైదుగురు మంచి కమెడియన్లు దొరికితే కామెడీ నైట్ జరిగిపోతుంది. ప్రాణభయంతో ఇల్లూ దేశమూ వదిలి వచ్చిన క్వీర్, ట్రాన్స్ మనుషుల కోసం ఆ నైట్ పెడుతున్నప్పుడు మాత్రం అదనంగా చూసుకోవాల్సినవి చాలా ఉంటాయి. ప్రేక్షకుల్లో కూర్చున్న ఒకరి ఫోటో బయటికి పోతే సొంత ఊళ్లో మిగిలిపోయిన వాళ్ల చెల్లెలి మీదకు ప్రమాదం రావచ్చు. వేదిక మీద సరదాగా అన్న మాట ఆశ్రయం దరఖాస్తులో రాసినదానికి పొంతన కుదరకపోతే కేసు దెబ్బతినవచ్చు. అందుకే హాలు బుక్ చేయడానికంటే ముందు చేయాల్సిన పనులతో మొదలుపెడదాం. అంతటికీ 10 నుంచి 12 వారాల వ్యవధి పెట్టుకోండి.

డబ్బు ఎవరికి వెళ్తుందో ముందు తేల్చుకోండి

స్వలింగ సంబంధాలను నేరంగా చూసే దేశాలు ఇప్పటికీ 60కి పైగా ఉన్నాయి. 1951 శరణార్థుల ఒప్పందంలో లైంగికత, జెండర్ అన్న మాటలు లేవు. ‘ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందినవారు’ అన్న పదాల కిందనే వీళ్లకు రక్షణ దొరుకుతోంది. ఆ పదాలను ఈ దరఖాస్తులకు ఎలా అన్వయించాలో ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 2012లో వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా తానెవరో అధికారి ముందు నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పడుతుంది. లాయరు కావాలి, నమ్మదగిన దుబాసీ కావాలి.

ఇంకో కష్టం బయటివాళ్లకు తొందరగా కనబడదు. మామూలుగా శరణార్థులకు కొత్త దేశంలో తమ భాష మాట్లాడేవాళ్లు, దూరపు చుట్టాలు, తమ ప్రార్థనా స్థలాలు కొంత ఆసరా అవుతాయి. క్వీర్ మనుషులు చాలాసార్లు పారిపోయి వచ్చింది ఆ చుట్టాల నుంచే, ఆ మనుషుల నుంచే. శిబిరంలోనో హాస్టల్లోనో పక్క మంచం అలాంటివాళ్లకే ఇస్తే వచ్చిన భయం మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఈ డబ్బుతో ఎక్కువగా అవసరమయ్యేవి తాళం వేసుకోగల గది, లాయరు ఫీజు, దుబాసీ, ప్రయాణ ఖర్చు, ఫోన్ రీచార్జి, ట్రాన్స్ వ్యక్తులకైతే మధ్యలో ఆగిపోయిన హార్మోన్ చికిత్స.

ఈ పనిలోనే ఉన్న సంస్థను ఎంచుకోండి. ప్రమాదంలో ఉన్నవాళ్లను దేశం దాటించడానికి కెనడాలో 2006లో మొదలైన రెయిన్‌బో రైల్‌రోడ్, ఆశ్రయం కేసుల్లో బ్రిటన్‌లో 1993 నుంచి పనిచేస్తున్న రెయిన్‌బో మైగ్రేషన్ లాంటివి అందరికీ తెలిసినవి. మీ దగ్గర్లో శరణార్థులే నడుపుకునే చిన్న బృందం ఉంటే మా మొగ్గు దానికే, ఎందుకంటే చిన్న మొత్తం కూడా అక్కడ వెంటనే పనికొస్తుంది. ఆ బృందానికి రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా లేకపోతే, రిజిస్టరైన మరో సంస్థ తన ఖాతాలో తీసుకుని వాళ్లకు అందజేసే ఏర్పాటు చేసుకోండి. మీ సొంత ఖాతాలోకి మాత్రం ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. ఎంత నిజాయితీగా నడిపినా తర్వాత లెక్క అడిగినప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు, పన్ను చిక్కులు కూడా వస్తాయి.

సంస్థతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. వాళ్ల పేరు, లోగో వాడుకోవడానికి అనుమతి, డబ్బు ఏ పనికి, ఎన్ని రోజుల్లో జమ, షో రద్దయితే ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. డబ్బు దేశం దాటి వెళ్లాల్సి ఉంటే విదేశీ విరాళాల నిబంధనలు రెండు వైపులా కనుక్కోండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. బదిలీ చేసేటప్పుడు వివరం రాసే గడిలో ‘ఎల్జీబీటీక్యూ శరణార్థుల సహాయం’ అని పెడితే, స్వలింగ సంబంధాలు నేరమైన దేశంలో ఆ కాగితమే అందుకున్నవాళ్ల మీద సాక్ష్యం అవుతుంది. ఉగాండా 2023లో తెచ్చిన చట్టంలో కొన్ని ఆరోపణలకు మరణశిక్ష దాకా ఉంది. అక్కడి నుంచి చాలామంది పారిపోయి చేరే కెన్యాలో కూడా స్వలింగ సంబంధం శిక్షాస్మృతి ప్రకారం నేరమే. ఏ మాట రాయాలో అందుకునే సంస్థనే అడిగి అక్షరం మారకుండా రాయండి.

లెక్క సగం హాలుకే వేయండి

80 సీట్ల హాలు అనుకుందాం. ఖర్చు మొత్తం, అంటే హాలు అద్దె, సౌండు, కమెడియన్ల పారితోషికం, సంజ్ఞా భాష దుబాసీలు, ప్రయాణాలు, పోస్టర్లు, టికెట్ సైటు కమిషన్ అన్నీ కలిపినా 40 పూర్తి ధర టికెట్లతో తీరిపోవాలి. తీరకపోతే హాలు మార్చండి, లేదా అద్దె భరించే దాతను వెతకండి. ‘హాలు నిండితే మిగులుతుంది’ అన్న లెక్కతో పెట్టిన షోలు చాలావరకు ఎవరికీ ఏమీ మిగల్చవు. ఖర్చును ఒక దాత పూర్తిగా భరిస్తే ‘టికెట్ డబ్బు మొత్తం శరణార్థులకే’ అని పోస్టరు మీద రాయవచ్చు. అలా లేనప్పుడు ‘ఖర్చులు పోగా మిగిలింది’ అని స్పష్టంగా రాయాలి.

టికెట్లు మూడు ధరల్లో పెట్టండి. మామూలు ధర, ఇవ్వగలిగినవాళ్లు ఇష్టపడి ఇచ్చే, దానికి ఒకటిన్నర రెట్ల సంఘీభావ ధర, నాలుగో వంతు ధర. 80లో 12 నుంచి 16 సీట్లు శరణార్థులకు ఉచితంగా ఉంచండి. ఆ ఉచిత సీట్లను అందరికీ తెరిచి పెట్టకుండా సంస్థ ద్వారా కోడ్ పంపి ఇవ్వండి, రుజువు అడగకండి, రానుపోను ఛార్జీలు కూడా ఇవ్వండి. ఉచిత టికెట్ తీసుకున్నవాళ్లలో కొందరు ఆ రోజు రాలేకపోతారు. షో మొదలైన 10 నిమిషాలకు ఖాళీగా ఉన్న సీట్లను వెనకవాళ్లతో నింపేయండి.

కమెడియన్లకు డబ్బు ఇవ్వండి. మంచి పని కోసమే కదా, ఉచితంగా చేయరా అని అడగడం ఈ రంగంలో ఆడవాళ్లకు, క్వీర్ కళాకారులకు రోజూ ఎదురయ్యేదే. స్త్రీవాద వేదిక అని పేరు పెట్టుకుని మనమూ అదే అడిగితే ఆ పేరుకు అర్థం ఉండదు. పారితోషికం తీసుకున్నాక ఎవరైనా తిరిగి విరాళంగా ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో వేదిక మీద చెప్పకండి.

విరాళానికి పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని పోస్టర్లలో తొందరపడి రాయవద్దు. చాలా దేశాల్లో టికెట్ ధర విరాళం కిందికి రాదు, కొన్నవాళ్లకు ప్రతిఫలంగా షో దొరుకుతుంది కాబట్టి. లక్కీ డ్రాలు కూడా చాలాచోట్ల లాటరీ చట్టం కిందికి వస్తాయి. అనుమతి సంగతి తెలియకపోతే డ్రా మానేయండి, పోయేదేమీ లేదు.

హాలు

చిన్నది తీసుకోండి. 200 సీట్ల హాల్లో 80 మంది కూర్చుంటే నవ్వు పక్కవాళ్లను అందుకోదు, మధ్యలోనే ఆరిపోతుంది. 80 సీట్ల గదిలో 80 మంది ఉంటే అదే జోకు రెట్టింపు పేలుతుంది. పైకప్పు తక్కువ ఎత్తులో ఉండాలి, కుర్చీలు దగ్గరదగ్గరగా వేయాలి, మొదటి వరుస వేదికకు 1.5 మీటర్ల దూరంలో ఉండాలి. ప్రేక్షకుల మీద లైటు పడకూడదు. వెలుగులో మనిషి పక్కవాడు చూస్తాడేమోనని నవ్వు ఆపుకుంటాడు.

అద్దె మాట్లాడేముందు షో జరిగే వేళకే వెళ్లి గదిలో కాసేపు ఊరికే కూర్చోండి. ఫ్రిజ్ మోత, ఏసీ హోరు, పక్క గదిలో పాటలు అప్పుడే తెలుస్తాయి. వీల్‌చైర్ తలుపు దాకా మాత్రమే వస్తే చాలదు. టాయిలెట్‌లోకి, వేదిక మీదకు కూడా వెళ్లగలగాలి. టాయిలెట్ల మీద ఆ రాత్రికి ‘అందరికీ’ అని కాగితం అంటించడానికి యజమానిని ముందే ఒప్పించండి. హాలు సిబ్బంది ఒక ట్రాన్స్ మహిళను తలుపు దగ్గర గుర్తింపు కార్డు అడిగి, కార్డులోని పేరుతో గట్టిగా పిలిస్తే ఆమెకు ఆ సాయంత్రం అక్కడే ముగిసిపోతుంది. అందుకని షోకు ఒక గంట ముందు సిబ్బంది అందరితో పావుగంట కూర్చుని ఈ సంగతులు మాట్లాడండి.

కమెడియన్లకు పంపే ఉత్తరం

ముందు హోస్ట్‌ను ఎంచుకోండి. ఈ రకం షోలో హెడ్‌లైనర్ (చివర్లో ఎక్కువసేపు చేసే ప్రధాన కమెడియన్) కంటే హోస్టే కీలకం. గదిని వేడెక్కించేదీ, అడ్డుతగిలేవాళ్లను ఆపేదీ, నవ్వు నుంచి విరాళం మాటకు, విరాళం నుంచి మళ్లీ నవ్వుకు తీసుకెళ్లేదీ ఆ మనిషే. మీకు దొరికిన వాళ్లలో ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లకు ఆ పని ఇవ్వండి. హోస్ట్, హెడ్‌లైనర్ కాక నలుగురు కమెడియన్లు చాలు. ఆరుగురు, ఏడుగురైతే షో సాగిపోతుంది, చివరి వాళ్లకు అలసిపోయిన ప్రేక్షకులే మిగులుతారు. నలుగురిలో ఒక్క ట్రాన్స్ వ్యక్తిని పెట్టి ఆ గుర్తింపు గురించే మాట్లాడమనడం కూడా సరికాదు. వాళ్లకు నచ్చిన దేని గురించైనా జోకులు వేసుకోనివ్వండి.

అందరికీ 3 వారాల ముందు ఒక ఉత్తరం పంపండి. సమయం, పారితోషికం, చేరాల్సిన వేళతో పాటు హద్దులు కూడా అందులోనే ఉండాలి. హద్దులు చెబితే హాస్యం చచ్చిపోతుందన్న మాటకు భయపడకండి. కారణం చెబితే కమెడియన్లు అర్థం చేసుకుంటారు. ‘నువ్వు నిజంగా గే అని రుజువేంటి’ తరహా జోకు ఇంకెక్కడైనా నవ్విస్తుందేమో. ఈ గదిలో ఆ ప్రశ్నను అధికారి నోటి నుంచి విన్నవాళ్లు కూర్చుని ఉంటారు. ఆశ్రయం కోరేవాళ్లను శారీరక పరీక్షలకు గురిచేయకూడదని, సన్నిహిత వీడియోలను సాక్ష్యంగా తీసుకోకూడదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పాల్సి వచ్చింది. మీ దేశం వెళ్లి ఎవరికీ తెలియకుండా గుట్టుగా బతకవచ్చుగా అని తిప్పి పంపే పద్ధతిని బ్రిటన్ సుప్రీంకోర్టు 2010లో కొట్టేసింది. ఈ రెండు తీర్పుల గురించి ఉత్తరంలో రెండేసి వాక్యాలు రాయండి. ఏ జోకు ఎందుకు గుచ్చుకుంటుందో వేరే వివరించనక్కర్లేదు.

యాస, పాస్‌పోర్టు, పడవ, ‘మా దేశానికి వచ్చినందుకు కృతజ్ఞత’ మీద జోకులు వద్దు. ప్రేక్షకులతో ముచ్చట్లాడే కమెడియన్లకు ప్రత్యేకంగా చెప్పండి: ‘ఎక్కడి నుంచి వచ్చారు’, ‘మీరిద్దరూ ఏమవుతారు’ అని ఎవరినీ అడగవద్దు. మామూలు షోల్లో ఇవే మొదటి ప్రశ్నలు కాబట్టి అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేస్తాయి. బదులుగా ‘ఈ రోజు మీకు బాగా చిరాకు తెప్పించింది ఏంటి’ అని అడిగితే ఎవరి గుట్టూ బయటపడదు, జవాబులూ బాగుంటాయి. ప్రభుత్వాలు, అధికారులు, మగ పెత్తనం, ఇంటి పెద్దల దాష్టీకం, సొంత అయోమయాలు, ప్రేమలు ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. లైంగిక హింస ప్రస్తావన ఉన్న సెట్ (ఒక కమెడియన్ వేదిక మీద చేసే భాగం) ఉంటే ముందే తెలుసుకుని తలుపు దగ్గర బోర్డు మీద రాయండి.

శరణార్థులు వేదిక ఎక్కితే

‘మా కథ చెబుతాం, డబ్బు ఇవ్వండి’ అన్న పద్ధతిని మానేయండి. దెబ్బలు, జైలు, పారిపోవడం వినిపిస్తే విరాళాలు పెరుగుతాయని చాలామంది నమ్ముతారు. ఆ మనిషి అధికారుల ముందు, లాయరు ముందు, డాక్టరు ముందు ఇప్పటికే అదే పదిసార్లు చెప్పి ఉంటారు. మనం పదకొండోసారి చెప్పించకూడదు. సంస్థలో పనిచేసేవాళ్లు పేర్లు లేకుండా చెబితే సరిపోతుంది.

శరణార్థే కమెడియన్ అయితే పరిస్థితి వేరు, వాళ్లు ముమ్మాటికీ వేదిక మీద ఉండాలి. కాకపోతే మూడు విషయాలు చూసుకోండి. మొదటిది డబ్బు. చాలా దేశాల్లో కేసు తేలేదాకా ఆశ్రయం కోరేవారికి పని చేసే హక్కు ఉండదు, ఉన్నా షరతులు ఉంటాయి. మీరు గౌరవంగా ఇచ్చిన పారితోషికం ‘అనుమతి లేని ఉద్యోగం’గా నమోదు కావచ్చు. ప్రయాణ ఖర్చుకు రసీదు మీద డబ్బు ఇవ్వడం కుదురుతుందా, ఇంకేదైనా దారి ఉందా అన్నది వాళ్ల లాయరునే అడగమనండి. మీకు మీరే ఊహించి ఏదీ ఇవ్వకండి. రెండోది మాట. నవ్వు కోసం కాలాలూ మనుషుల్నీ కలిపేయడం హాస్యంలో మామూలే, కానీ అదే సంగతి దరఖాస్తులో వేరే తేదీతో ఉంటే పొంతన లేదని అధికారి పట్టుకోవచ్చు. కేసు నడుస్తుంటే సొంత ప్రయాణం గురించిన సెట్‌ను లాయరుకు ముందే చూపించడం మంచిది. మూడోది పేరు. పోస్టరు మీద వేదిక కోసం పెట్టుకున్న మారుపేరు వాడాలా, ఫోటో బదులు బొమ్మ వేయాలా, అసలు పేరే లేకుండా ‘అతిథి’ అని పెట్టాలా అన్నది వాళ్ల ఇష్టం. చివరి గంటలో రానంటే కారణం అడగకండి. అందుకని 10 నిమిషాలు సర్దగల హోస్ట్ మీకు కావాలి.

షో క్రమం

తలుపులు 45 నిమిషాల ముందు తెరవండి. హోస్ట్ 8 నిమిషాలు, మొదటి కమెడియన్ 10, హోస్ట్ 2, రెండో కమెడియన్ 10, హోస్ట్ 2, మూడో కమెడియన్ 10, విరాళం మాట 4. అక్కడికి 46 నిమిషాలు. విరామం 20. రెండో భాగంలో హోస్ట్ 5, నాలుగో కమెడియన్ 10, హోస్ట్ 2, హెడ్‌లైనర్ 25, కృతజ్ఞతలు 2. మొత్తం 110 నిమిషాలు. గదిలో ఎవరూ అలసిపోకముందే అయిపోతుంది, చివరి బస్సు అందుతుంది.

మూడో స్థానంలో ఎవరిని పెడతారో జాగ్రత్తగా ఆలోచించండి. ఆ సెట్ తర్వాతే విరాళం అడుగుతారు. అప్పటిదాకా హింస గురించి బరువైన సెట్ నడిస్తే ప్రేక్షకులు సొమ్మసిల్లిపోయి ఉంటారు, అడిగే మాట చెవికెక్కదు. హాయిగా నవ్వించేవాళ్లు మూడో స్థానంలో, బరువైన సెట్ రెండో స్థానంలో బాగుంటాయి.

సమయం దాటకుండా చూసే పని ఒకరికే అప్పగించండి. సెట్‌లో 1 నిమిషం మిగిలినప్పుడు గది వెనక ఎర్ర లైటు చూపాలి, హెడ్‌లైనర్‌కు 5 నిమిషాలప్పుడు ఒకసారి, 1 నిమిషం అప్పుడు ఇంకోసారి. ఒక్కొక్కరు 4 నిమిషాలు దాటినా విరామం ఆలస్యమై విరాళాలు పడిపోతాయి.

సౌండు, వెలుతురు

షూర్ ఎస్‌ఎం58 లాంటి వైరు మైకు ఒకటి, స్పేర్ ఒకటి, అదనపు కేబుల్, గుండ్రటి బరువు అడుగున్న నిలువు స్టాండు చాలు. మూడు కాళ్ల స్టాండు కేబుల్‌తో కలిసి కాళ్లకు తగులుతుంది. వైర్‌లెస్ మైకులో బ్యాటరీ పోయేది సరిగ్గా పంచ్‌లైన్ దగ్గరే. స్పీకర్లు మైకు కంటే ముందుకు ఉండాలి, లేకపోతే కూత పెడుతుంది. ఖాళీ గదిలో సరిచూసిన సౌండు జనం నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది, కాస్త పెంచుకోవడానికి మనిషి ఉండాలి. ముఖం మీద రెండు పక్కల నుంచి ఏటవాలుగా లైటు వేయండి. నడినెత్తి మీంచి వేస్తే కళ్లు నీడలో పడతాయి, కళ్లు కనబడకపోతే నవ్వు తగ్గుతుంది.

సంజ్ఞా భాష దుబాసీలు ఇద్దరు కావాలి, 20 నిమిషాలకోసారి మారుతుంటారు. వాళ్లకూ లైటు ఉండాలి, జోకుల సారాంశం 3 రోజుల ముందు అందాలి. పదాల ఆట మీద నడిచే జోకును అప్పటికప్పుడు చేతుల్లోకి తేవడం దాదాపు అసాధ్యం.

విరాళం అడగడం

4 నిమిషాలు, ఒకే మనిషి, విరామానికి సరిగ్గా ముందు. షో అయిపోయాక అడిగితే జనం సంచులు సర్దుకుంటుంటారు. విరామానికి ముందు అడిగితే 20 నిమిషాలు ఫోన్ చేతిలోనే ఉంటుంది. మొదటి నిమిషం డబ్బు దేనికో చెప్పాలి. రెండో నిమిషం మొత్తాలను వస్తువులుగా మార్చి చెప్పాలి: ఇంత ఇస్తే ఒక నెల ప్రయాణం, ఇంతయితే ఒక దుబాసీ గంట, ఇంతయితే ఒక వారం గది. ఈ అంకెలు సంస్థ ఇచ్చిన అసలు ఖర్చులే కావాలి, గుండ్రంగా కల్పించకూడదు. ప్రపంచ శరణార్థుల్లో ఏటా మూడో దేశంలో పునరావాసం దొరికేది 1 శాతం లోపు మందికే అన్న ఒక్క అంకె చాలు, మిగతావాళ్లు చేరిన మొదటి చోటే ఏళ్లు గడపాలని అందరికీ అర్థమవుతుంది. మిగిలిన రెండు నిమిషాలు ఎలా ఇవ్వాలో చెప్పి, ప్రేక్షకులు ఫోన్లు తీసేదాకా ఆగాలి.

క్యూఆర్ కోడ్‌ను తెర మీద మాత్రమే చూపిస్తే సగం మందికి అందదు. ప్రతి కుర్చీ మీద ఒక కార్డు పెట్టండి, కోడ్ కనీసం 3 సెంటీమీటర్లు ఉండాలి, కింద చిన్న లింకు కూడా ముద్రించండి. నేలమాళిగ హాళ్లలో నెట్‌వర్క్ ఉండదు. పాత ఫోన్‌తో ఆ కుర్చీలోనే కూర్చుని ఒక చిన్న మొత్తం పంపి చూడండి. కోడ్ నేరుగా సంస్థ పేజీకే వెళ్లాలి. నగదు ఇచ్చేవాళ్ల కోసం మూత బిగించిన డబ్బా ఒకటి, దాని పక్కన ఇద్దరు మనుషులు ఉండాలి. విరామం తర్వాత హోస్ట్ అప్పటిదాకా వచ్చిన మొత్తం చదివితే రెండో విడత వస్తుంది.

తలుపు, ఫోటోలు, అల్లరి

చిరునామా పోస్టరు మీద వేయకండి, టికెట్ కొన్నవాళ్లకు ముందురోజు పంపండి. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న మనుషుల్ని నిలబెట్టకండి, పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. మామూలు బట్టల్లో శాంతంగా మాట్లాడగల ఇద్దరు చాలు. బెదిరింపులు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, వెనక దారి ఎక్కడుందో వాళ్లకు తెలిసి ఉండాలి.

ప్రేక్షకుల ఫోటోలు అసలు వద్దు. కొందరు స్టిక్కర్ల పద్ధతి పెడతారు, ఎర్రది ఉంటే ఫోటో వద్దని. చీకట్లో స్టిక్కర్ కనబడదు, వెనక వరుసలో ముఖం పడిపోతుంది. కమెడియన్ ఒప్పుకుంటే వేదికను మాత్రం, ప్రేక్షకుల వైపు నుంచి తీయండి. లైవ్ ఇవ్వకండి. షో జరుగుతుండగా చోటు తెలిసేలా ఏమీ పోస్ట్ చేయవద్దని హోస్ట్ మొదటి 2 నిమిషాల్లోనే, కారణంతో సహా చెప్పాలి.

అడ్డుతగిలేవాళ్లకు మొదటిసారి హోస్ట్ లేదా వేదిక మీదున్న కమెడియన్ జవాబు చెబుతారు. రెండోసారి నిర్వాహకులు పక్కకు వచ్చి కూర్చుని నెమ్మదిగా చెబుతారు. మూడోసారి డబ్బు వాపసు ఇచ్చి బయటికి. జాతి, జెండర్ మీద తిట్టు వచ్చిందంటే ఈ మెట్లు ఏవీ అక్కర్లేదు, నేరుగా బయటికే.

షో తర్వాత

ఆ రాత్రే నగదును ఇద్దరు కలిసి లెక్కపెట్టి కాగితం మీద సంతకాలు చేయాలి. కమెడియన్లకు ఇంటికి వెళ్లేముందే పారితోషికం అందాలి. 7 రోజుల్లో డబ్బు జమ చేసి, 14 రోజుల్లో వచ్చిన మొత్తం, ఖర్చుల పద్దులు, పంపిన మొత్తం అందరికీ మెయిల్ చేయండి. అనుకున్నంత రాకపోయినా ఉన్న అంకెనే రాయాలి. ఎవరికి సాయం అందిందో పేరు, దేశం, ఫోటో అడగవద్దు, సంస్థ ఎంత చెబితే అంతే.

టికెట్ల కోసం తీసుకున్న పేర్లు, మెయిళ్లు, ఉచిత కోడ్‌ల జాబితా 30 రోజుల తర్వాత చెరిపేయండి. పన్ను లెక్కలకు చట్టం అడిగే కాగితాలు మాత్రం ఉంచుకోండి. సైటులోంచే కాదు, తలుపు దగ్గర వాడిన ఫోన్లలోంచి, ముద్రించిన కాగితాల్లోంచి కూడా ఆ జాబితా పోవాలి. తలుపు దగ్గరి కాగితం చించేదాకా పని అయినట్టు కాదు, అది మీ సంచి అడుగున ఉందేమో ఒకసారి చూడండి.